చల్లటి ఇంజన్, వేడి నూనె: పాత కట్టెల మిషన్లు కొని, అమ్మిన నా అనుభవం

డీజిల్ ఇంజన్‌తో ఉలిని తోసి మొద్దులు చీల్చే మిషన్, నా మొదటిది, కొనడానికి వెళ్లినప్పుడు ఊరికే అలా ఇంజన్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా తగిలింది. "మీరొస్తున్నారు కదాని ఇప్పుడే ఒకసారి ఆడించి పెట్టానండీ" అన్నాడు అమ్మే ఆయన. ఎంత శ్రద్ధ ఉన్న మనిషో అనుకున్నాను. హ్యాండిల్ పెట్టి ఒక్క తిప్పు తిప్పితే ఇంజన్ అందుకుంది. మొద్దు పెడితే చీల్చింది. పావుగంటలో బేరం తేలిపోయింది, సాయంత్రానికి మిషన్ నా షెడ్డులో ఉంది.

మర్నాడు పొద్దున్న హ్యాండిల్ పట్టుకున్నాను. పది సార్లు తిప్పాను, ఇరవై సార్లు తిప్పాను. పొగ గొట్టంలోంచి తెల్లటి ఆవిరి లాంటిది కొంచెం వచ్చి ఆగిపోయింది. అప్పుడు గమనించాను, హ్యాండిల్ మరీ తేలిగ్గా తిరుగుతోంది. ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్‌కి డికంప్రెషన్ లీవర్ (తిప్పడం తేలికయ్యేలా లోపలి గాలిని వదిలేసేది) దించాక, పిస్టన్ పైకొచ్చే చోట హ్యాండిల్ చేతిని ఆపెయ్యాలి. గోడకి తగిలినట్టు ఉండాలి. నాకు అక్కడ దోసకాయ కోసినంత అడ్డు కూడా తగల్లేదు.

మేస్త్రీని పిలిపించాను. ఆయన వచ్చి ఏమీ విప్పకుండా, గాలి వెళ్లే దారిలోంచి ఇంజన్ ఆయిల్ చిన్న మూతడు కూడా కాకుండా కొన్ని చుక్కలు వేశాడు. రెండు మూడు సార్లు మెల్లిగా తిప్పి, లీవర్ దించి, గట్టిగా తిప్పాడు. ఇంజన్ నీలం పొగ కక్కుతూ లేచింది. "పిస్టన్ రింగులు అరిగిపోయాయి బాబూ, పిస్టన్ ఆడే లైనర్ గొట్టం కూడా. నూనె పడితే సందు మూసుకుని కంప్రెషన్ వచ్చింది. నూనె వేసినా రాకపోతే వాల్వులని అనుకునేవాణ్ణి. నిన్న వేడిగా ఉంది కాబట్టి లేచింది. డీజిల్‌కి ప్లగ్గు ఉండదు కదా, గాలి నొక్కుకుని పుట్టే వేడితోనే అంటుకోవాలి. ఇంజన్ చల్లగా ఉండి, కంప్రెషన్ కూడా లేకపోతే ఆ వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు. ఆ నూనె ఎక్కువ పోయకూడదని కూడా చెప్పాడు. ద్రవం నొక్కుకోదు, ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుందట.

అమ్మినాయన అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు. ఆడించానన్నాడు, నిజంగానే ఆడించాడు. నేనే అడగాల్సింది అడగలేదు. ఆ తర్వాత ఏ పాత మిషన్ చూడ్డానికి వెళ్లినా ముందే ఫోన్ చేసి ఒకే మాట చెబుతున్నాను: "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి." ఈ మాటకి ఎదుటివాళ్లు ఎలా జవాబిస్తారో వింటే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

అసలు ఈ మిషన్ల జోలికి ఎందుకు వెళ్లానో చెప్పాలి. కట్టెలు కొట్టే పని నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. గొడ్డలి, పెద్ద సుత్తి, పగులులో దిగ్గొట్టే ఇనుప చీల, ఇవే సాధనాలు. నిటారు ఈనె ఉన్న మొద్దు గొడ్డలి దెబ్బకి రెండుగా విడిపోతే వచ్చే చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ కొమ్మ మొదళ్లు ఉన్న ముడుల మొద్దు వచ్చిందంటే భుజాలు పోతాయి. ఏటా కొట్టాల్సిన కట్టె పెరిగింది, భుజాలు మాత్రం పెరగలేదు.

కొట్టకుండా వదిలేద్దామా అంటే కుదరదు. గుండ్రటి దుంగని బెరడుతో అలాగే పడేస్తే ఏడాది గడిచినా లోపల పచ్చిగానే ఉంటుంది. నీరు ఈనె వెంబడి కొసల్లోంచి త్వరగా పోతుంది గానీ, బెరడు దాటి పక్కలకి పోవడం చాలా కష్టం. పొట్టిగా కోసి, చీల్చి, గాలి ఆడేలా పేరిస్తేనే ఆరుతుంది. పొయ్యిలో శుభ్రంగా మండాలంటే తేమ 20 శాతం లోపుకి దిగాలి. అప్పుడే పడగొట్టిన చెట్టులో బరువులో సగం నీళ్లే ఉండొచ్చు. కిలో నీరు ఆవిరి కావడానికి 2.26 మెగాజౌళ్ల వేడి కావాలి, అదంతా మన మంటలోంచే పోతుంది. మిగిలేది పొగా, గొట్టంలో పేరుకునే తారూ. తేమ చూసే చిన్న మీటరు ఒకటి కొన్నాను. దాన్ని కట్టె బయట గుచ్చితే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. కట్టెని మళ్లీ చీల్చి, ఆ కొత్త ముఖం మీద గుచ్చి చూడాలి.

సరే, మొదటి మిషన్‌కి లైనరూ పిస్టనూ రింగులూ మార్పించాను. దాని మీద అయిన ఖర్చూ పోయిన రోజులూ పక్కన పెడితే, ఆ ఇంజన్ ఆ తర్వాత నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. దగ్గరుండి విప్పించినందువల్ల నాకు దాని లోపలి సంగతులన్నీ తెలిశాయి. అప్పుడే ఒక నోటు పుస్తకం పెట్టాను. నూనె ఎప్పుడు మార్చాను, ఏ బోల్టు బిగించాను, ఎన్ని గంటలు ఆడింది, అన్నీ అందులో రాస్తూ వచ్చాను.

మధ్యలో రంపం సంగతి. చెయిన్ రంపం కూడా పాతదే కొన్నాను, ఈసారి మేస్త్రీ చెప్పిన పద్ధతిలో చూసి. రంపం కొనేవాళ్లలో చాలామంది బార్ (చెయిన్ తిరిగే పట్టీ) ఎంత పొడుగుందో చూస్తారు, రంగు చూస్తారు. బార్, చెయిన్ అరిగిపోయే సామాన్లు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. చూడాల్సింది పిస్టన్. సైలెన్సర్ రెండు మూడు బోల్టులు తీస్తే పొగ బయటికొచ్చే కన్నం కనిపిస్తుంది. టార్చి వేసి, తాడు మెల్లిగా లాగుతూ పిస్టన్ పక్క చూడాలి. నున్నగా, మిషన్ మీద చేసిన సన్నటి గీతలు అడ్డంగా కనిపిస్తుంటే మంచిది. పైనుంచి కిందికి నిలువు గాట్లు ఉంటే ఆ ఇంజన్ ఎప్పుడో ఆయిల్ కలపని పెట్రోలుతో ఆడిందన్నా అనుకోవాలి, ఎక్కడో గాలి లీకై పలచటి మిశ్రమంతో కాలిందన్నా అనుకోవాలి. టూ స్ట్రోక్ ఇంజన్‌కి విడిగా నూనె సంపు ఉండదు, పెట్రోల్లో కలిపే నూనే దాని ప్రాణం. ఇప్పటి రంపాలు చాలావాటికి 50 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు నూనె.

ఇంకొకటి, తాడు పిడి పట్టుకుని రంపాన్ని గాల్లో వేలాడదీసి చూడటం. కంప్రెషన్ ఉంటే రంపం ఒక్కో ఝట్కాకి ఆగి ఆగి కిందికి దిగుతుంది. జర్రున జారిపోయిందంటే లోపల ఏమీ మిగల్లేదని లెక్క. డికంప్రెషన్ బటన్ ఉన్న రంపమైతే అది నొక్కి ఉందేమో ముందు చూసుకోవాలి. స్టార్ట్ చేశాక, యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు చెయిన్ కదలకూడదు. ఫుల్లు ఇచ్చి ముందు గార్డుని మణికట్టుతో తోస్తే బ్రేకు తక్షణం పడాలి. నేను చూసిన మూడు రంపాల్లో ఒకదానికి బ్రేకు పట్టీ అరిగిపోయి ఉంది. అమ్మే ఆయన "బ్రేకు ఎవరు వాడతారండీ" అన్నాడు. బార్ కొస పైభాగం కర్రకి తగిలి రంపం మొహం మీదికి ఎగిరినప్పుడు దానంతట అదే పడాల్సిన బ్రేకు అది. ఆ రంపాన్ని అక్కడే పెట్టేసి వచ్చాను.

పేరున్న కంపెనీల రంపాలకి నకిలీలు బాగా తిరుగుతున్నాయి. బయటి ప్లాస్టిక్కు చూసి చెప్పడం కష్టం. సీరియల్ నంబరు ఇంజన్ ఒంటి మీద చెక్కి ఉందా, ఉత్త స్టిక్కరేనా చూడాలి. ఆ నంబరు రాసుకుని కంపెనీ డీలరుని అడిగితే చెబుతారు. నేను కొన్నదాని నంబరు అలాగే సరిచూసుకుని, అప్పుడు డబ్బిచ్చాను.

ఈ రంపాల చరిత్ర గురించి చదవడం నాకు ఆ రోజుల్లోనే అలవాటైంది. ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే చెయిన్ రంపం చేశాడు, 1929లో పెట్రోలుది. ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని కోసేవాళ్లు. నా మనసులో నిలిచిపోయింది మాత్రం జోసెఫ్ కాక్స్. ఆయన అడవిలో రంపం పట్టిన మనిషి, 1946లో ఒక మొద్దుని తొలుస్తున్న పురుగుని చూశాడు. అది ఈనెకి అడ్డంగానూ నిలువుగానూ కూడా అవలీలగా తింటూ పోతోంది. దాని దవడలు ఎడమా కుడీ మార్చి మార్చి కోస్తున్నాయని గమనించి, అదే పద్ధతిలో చెయిన్ పళ్లు తయారు చేశాడు. ఇప్పుడు మనం ఆకురాయి పట్టి పదును పెట్టే పన్ను, ఒకటి ఎడమకి ఒకటి కుడికి ఉండేది, ఆ పురుగు నేర్పిందే. నేను చెయిన్‌కి పదును పెట్టే ప్రతిసారీ ఆ మాట గుర్తొస్తుంది.

నాలుగేళ్లు గడిచాక మొదటి మిషన్ చాలడం లేదని తేలింది. ఇంజన్ బాగానే ఉంది గానీ, నూనె ఒత్తిడితో ఉలిని తోసే హైడ్రాలిక్ సిలిండర్ చిన్నది. లావు ముడుల మొద్దు పెడితే ఉలి సగం దిగి ఆగిపోయేది, మళ్లీ వెనక్కి తీసి మొద్దు తిప్పి పెట్టాలి. పెద్దది కావాలి. ఈసారి తొందరపడకూడదని గట్టిగా అనుకుని, మేస్త్రీని వెంటబెట్టుకుని తిరిగాను.

చూసినవాటిలో ఒకదానికి నంబరు ప్లేటు లేదు. ప్లేటు ఉండే చోట రివెట్ల కన్నాలు మాత్రం ఉన్నాయి, వాటి మీద కొత్త పెయింటు. కొన్న బిల్లు ఏదంటే పోయిందన్నారు. దొంగ సొత్తో, లోను తీరని మిషనో తెలియనప్పుడు ఇంజన్ ఎంత బాగుంటే ఏం లాభం? తిరిగొచ్చేశాం. ఇంకొకటి ట్రాక్టర్ పీటీఓతో (ఇంజన్ బలాన్ని బయటి మిషన్లకి అందించే షాఫ్టుతో) తిరిగే చక్రం రంపం. షాఫ్టు మీద ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు లేదు. అది తిరిగేది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి తొమ్మిది. చొక్కా కొస చిక్కుకుంటే చెయ్యి వెనక్కి లాక్కునే లోపు మనిషే చుట్టుకుపోతాడు. తొడుగు కొత్తది వేసుకోవచ్చు, నిజమే. కానీ అది లేకుండానే ఇన్నేళ్లు ఆడించినవాళ్లు మిగతా బాగోగులు చూసి ఉంటారని నాకు నమ్మకం కలగలేదు.

చివరికి ఒక పెద్దాయన దగ్గర మిషన్ దొరికింది. వయసు మీదపడి పని మానేశాడు. ఫోన్లో "స్టార్ట్ చెయ్యకండి" అనగానే "చెయ్యను బాబూ, నువ్వే వచ్చి చేసుకో" అన్నాడు. వెళ్లేసరికి ఇంజన్ రాయిలా చల్లగా ఉంది. డిప్ స్టిక్ తీసి చూశాం, నూనె నల్లగా ఉంది గానీ పాలు కలిసినట్టు తెల్లగా లేదు, అంటే నీళ్లు కలవలేదు. రెండో తిప్పుకి లేచింది. మొదట కొంచెం పొగ వచ్చింది, నిమిషంలో తేటపడింది.

మిషన్ మీద "30 టన్నులు" అని స్టిక్కరు. పెద్దాయన కూడా అదే నమ్మకంతో ఉన్నాడు. మేస్త్రీ సిలిండర్ బయటి కొలత తీసి, గొట్టం మందం తీసేసి, లోపలి వ్యాసం, అంటే బోరు, 100 మిల్లీమీటర్లని తేల్చాడు. అంటే పిస్టన్ ముఖం 78.5 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి హద్దు దాటితే నూనెని వదిలేసే రిలీఫ్ వాల్వు 200 బార్ దగ్గర తెరుచుకునేలా పెట్టి ఉంది. 200 బార్ అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 204 కిలోలు. రెండూ గుణిస్తే 16 టన్నులు. నేల మీద పుల్లతో లెక్క వేసి చూపించాను. అదే ఒత్తిడితో 30 టన్నులు రావాలంటే బోరు 137 మిల్లీమీటర్ల దాకా ఉండాలి. పెద్దాయన కాసేపు ఆ అంకెల వంక చూసి, "నేను కొన్నప్పుడు కూడా ఇలా ఎవరైనా లెక్క చెప్పి ఉంటే బాగుండేది" అన్నాడు. నాకు 16 టన్నులు చాలు. కాకపోతే 16 టన్నుల మిషన్‌కి 16 టన్నుల ధరే ఇస్తాను. ఆయన ఒప్పుకున్నాడు.

తర్వాత సిలిండర్‌లోంచి వచ్చి ఉలిని తోసే రాడ్డు. బయటికి పూర్తిగా తోయించి, ఇంజన్ ఆపి, గోరు పెట్టి పొడుగునా గీశాను. క్రోమ్ మీద గోరుకి ఎక్కడైనా గుంట తగిలితే ఆ గుంట ప్రతి రాకపోకకీ సీలుని కొరుకుతుంది. సీలు మార్చినా మళ్లీ పోతుంది, రాడ్డే మార్చాలి. ఇక్కడ నున్నగా ఉంది. ఉలి మొదట్లో వెల్డింగ్ అతుకులు చూశాం, కడ్డీ వంగిందేమో తాడు పట్టి చూశాం. పెయింటు పాతది కావడం నాకు ధైర్యాన్నిచ్చింది. అమ్మకానికి ముందు వేసిన కొత్త పెయింటు కింద పగులు దాక్కోవచ్చు, పాత పెయింటు మీదయితే పగులు తుప్పు గీతై కనిపిస్తుంది.

ఒకటి మాత్రం బాగోలేదు. ఈ మిషన్‌కి రెండు చేతులా రెండు లీవర్లు పట్టుకుంటేనే ఉలి కదిలేలా ఏర్పాటుంది, చేతులు ఉలి కిందికి పోకూడదని. అందులో ఒక లీవర్ని ఇనుప తీగతో కట్టేశారు. ఎందుకని అడిగితే, ఒక చేత్తో మొద్దు పట్టుకుంటే పని త్వరగా అవుతుందని కూలీలు కట్టుకున్నారట. మేస్త్రీ ఏమీ మాట్లాడకుండా జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి ఆ తీగ తెంపేశాడు. ఆ తర్వాతే పరీక్ష మొదలుపెట్టాం.

ఇప్పుడు అసలు సంగతి. ఇంజన్ని చల్లగా ఉన్నప్పుడు చూడాలి. హైడ్రాలిక్‌ని మాత్రం వేడెక్కాకే చూడాలి. నూనె చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది, అరిగిన పంపులో కూడా సందుల్లోంచి తప్పించుకోలేదు, అందుకని బలం ఉన్నట్టే కనిపిస్తుంది. వేడెక్కి పలచబడ్డాక అసలు రంగు బయటపడుతుంది. మేస్త్రీ ఒత్తిడి చూపే గేజి బిగించాడు. మొదట రాడ్డుని చివరిదాకా తోసి పట్టుకుంటే ముల్లు 200 మీద నిలబడింది. పెద్దాయన మొహంలో సంతోషం. "అరగంట ఆడనిద్దామండీ" అన్నాడు మేస్త్రీ. అక్కడున్న మొద్దులన్నీ చీల్చాం. టాంకు మీద చెయ్యి ఆనించలేనంత వేడెక్కాక మళ్లీ అదే పరీక్ష. ముల్లు 160 దాటలేదు.

అంటే నొక్కిన నూనె ఎక్కడో లోపలే జారిపోతోంది. సిలిండర్‌లోని పిస్టన్ సీలు కావచ్చు, పంపు కావచ్చు, వాల్వు కావచ్చు. రాడ్డుని పూర్తిగా బయటికి పెట్టి, ఇంజన్ ఆపి, ఒత్తిడి అంతా వదిలించి, రాడ్డు వైపు హోస్ పైపు విప్పాడు. వాల్వు వైపు కొసకి మూత బిగించి, సిలిండర్ నిపుల్ కింద డబ్బా పెట్టి, మళ్లీ ఇంజన్ వేసి అదే దిశలో తోయించాడు. పిస్టన్ సీలు పోయి ఉంటే ఆ నిపుల్లోంచి నూనె కారుతూనే ఉండాలి. రెండు చుక్కలు పడి ఆగింది. సిలిండర్ బాగుంది. రిలీఫ్ వాల్వు విప్పి చూస్తే దాని సీటు కూడా శుభ్రంగా ఉంది. పంపు అరిగింది.

ఈ పనులన్నీ చేస్తున్నప్పుడు మేస్త్రీ నన్ను ఒక్కసారి గట్టిగా కసిరాడు. ఒక జాయింటు దగ్గర తడిగా కనిపిస్తే నేను వేలు పెట్టబోయాను. "చెయ్యి తియ్!" అని అరిచి, అట్టముక్క తెచ్చి దాని ముందు ఆడించాడు. 200 బార్ ఒత్తిడిలో సూది మొనంత కన్నంలోంచి వచ్చే నూనె చర్మాన్ని దూసుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదట. గంటల్లో ఆపరేషన్ చెయ్యకపోతే వేలో, చెయ్యో పోతుంది. ఆ రోజు నుంచీ నా టూల్ బాక్సులో అట్టముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

పంపు అరిగిందని తెలిసినా ఆ మిషన్నే కొన్నాను. లోపం ఏమిటో, దానికి ఎంతవుతుందో తెలిశాక అది భయపడాల్సిన విషయం కాదు. కొత్త పంపు ఖరీదు ధరలోంచి తగ్గించమన్నాను, పెద్దాయన మారు మాట్లాడలేదు. కాగితం మీద ఇద్దరం రాసుకున్నాం, సీరియల్ నంబరు, తేదీ, పంపు మార్చాలన్న సంగతి, లోను లేదన్న మాట. పాత బిల్లు కూడా ఇచ్చాడు. బయల్దేరుతుంటే రాడ్డుని పూర్తిగా లోపలికి లాగి ఉంచమని, లేకపోతే తుప్పు పడుతుందని ఆయనే గుర్తు చేశాడు.

ఆ మధ్య ఒక స్నేహితుడు దుంగలు మోసే ఫార్వర్డర్ కొంటానంటే తోడుగా వెళ్లాను. అంత పెద్ద మిషన్ల గురించి నాకు తెలిసింది తక్కువ. అయినా ఒకటి చూశాను. అవర్ మీటర్ చూపించే గంటలు తక్కువ, కానీ పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయాయి, ఎక్కే మెట్టు అంచు మెరుస్తోంది. క్రేన్ కొసనున్న పంజాని నేల మీద ఆనించి కొంచెంగా లేపితే, ప్రతి పిన్ను దగ్గరా క్రేన్ చెయ్యి (బూమ్) కదలకముందే ఠక్కుమని లూజు కనిపించింది. మీటరు మార్చారని నేను చెప్పలేను, ఆ మిషన్ పడిన కష్టం మాత్రం మీటరు చెప్పినదానికంటే చాలా ఎక్కువ. స్నేహితుడు వదులుకున్నాడు.

ఇక మిగిలింది మొదటి మిషన్ అమ్మడం. కొనడం కంటే ఇదే నన్ను ఎక్కువ ఆలోచనలో పెట్టింది. అమ్మకం ప్రకటనలో ఏమేం బాగున్నాయో రాయడం సులువు. లోపాలు కూడా అక్కడే రాశాను: ఒక హోస్ పైపు మీద రబ్బరు పగుళ్లు, ఒక చక్రం బేరింగు చప్పుడు, లావు ముడుల మొద్దులకి బలం చాలదు. తెల్లారగట్ల చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తూ, ముందు దాని మీద అరచెయ్యి ఆనించి, ఆపకుండా వీడియో తీసి పెట్టాను. టన్నుల లెక్క బోరు కొలతతో సహా రాశాను. మా ఇంట్లోవాళ్లు "ఇన్ని చెబితే ఎవరు కొంటారు" అన్నారు.

మొదట అడిగిన మనిషి మిషన్ చూడనే లేదు. అడిగిన ధరంతా ఇస్తానన్నాడు, బండి తనే పంపిస్తానన్నాడు. తర్వాత పొరపాటున ఎక్కువ డబ్బు పంపేశానని, తేడా వెనక్కి పంపమని అడిగాడు. బ్యాంకుకి ఫోన్ చేస్తే నా ఖాతాలో ఒక్క రూకా పడలేదు, అతను చూపించింది ఉత్త స్క్రీన్ షాట్. చూడకుండా బేరమాడకుండా కొనేవాడిని నమ్మకూడదని నాకు అర్థమైంది. ఇంకొకాయన ఫోన్లోనే సగం ధర చెప్పి, రోజూ ఫోన్ చేసేవాడు. ఆయనకి ఓపిగ్గా వద్దని చెబుతూ వచ్చాను.

మూడో వారం ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, రేపు పొద్దున్న వస్తాను. నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పొద్దున్నే వచ్చాడు. రాగానే ఇంజన్ మీద చెయ్యి వేశాడు. నేనేమీ మాట్లాడలేదు. లీవర్ దించి హ్యాండిల్ మెల్లిగా తిప్పాడు, కంప్రెషన్ దగ్గర చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగి నా వంక చూసి, మళ్లీ గట్టిగా తిప్పాడు. ఇంజన్ లేచింది. నోటు పుస్తకం ఇచ్చాను. లైనర్ మార్చిన తేదీ పేజీ దగ్గర ఆగి, "ఇది ఎందుకు మార్చాల్సొచ్చింది?" అని అడిగాడు. నా మొదటి అనుభవం మొత్తం చెప్పాను, వెచ్చటి ఇంజన్ దగ్గర్నుంచి. శ్రద్ధగా విన్నాడు. హోస్ పైపుకీ బేరింగుకీ కొంచెం తగ్గించమన్నాడు, తగ్గించాను.

డబ్బు తియ్యబోతాడనుకున్నాను. "అన్నా, ఒక అరగంట ఆడనిద్దాం. నూనె వేడెక్కాక గేజి పెట్టి చూస్తా" అన్నాడు. సంచిలోంచి గేజి తీశాడు, సొంతది. ఇద్దరం కలిసి మొద్దులు చీల్చాం. వేడెక్కాక ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. గేజి విప్పుతూ అతను వంగి, వాల్వు కింద అట్టముక్క ఆడించాడు. దాని మీద సన్నటి నూనె మరక పడింది. అన్నేళ్లు ఆ మిషన్ వాడాను, ఆ లీకు నా కంట పడలేదు. పుస్తకం తీసుకుని, ఆ రోజు తేదీ వేసి, "వాల్వు కింద జాయింటు లీకు" అని రాసి, దాని ధర కూడా తగ్గించి ఇచ్చాను.